లంకణంలో బెల్లం నీళ్ళు

మునివెంకటమ్మ మనవరాలికి తన చేత్తో ఏదీ పెట్టదు. పొద్దున్నే లేచి పొయ్యి అంటిస్తుంది, సంగటి కెలుకుతుంది, ఉలవచారు ఊరంతా వాసన వచ్చేలా కాస్తుంది. తీరా గిన్నెలో పెట్టి పిల్ల ముందు ఉంచే వేళకు "శశీ, పాపకు పెట్టుపోమ్మా" అని కోడలిని కేకేసి, పెరట్లో ఏదో పని ఉన్నట్టు లేచిపోతుంది. నాలుగేళ్ళ సుమ అవ్వ కొంగు పట్టుకుని వేలాడినా సరే, మూతి ముడిచి మూల కూర్చున్నా సరే, ముద్ద మాత్రం అవ్వ చేతి నుంచి పడదు. ఎదురింటివాళ్ళు పిల్లకని నిప్పట్లు ఇచ్చినా "వాళ్ళమ్మ ఇస్తాదిలే" అని గూట్లో పెట్టేస్తుంది. ఊరికి కొత్తగా వచ్చిన కోడళ్ళు దీన్ని ముసలమ్మ మడి అని నవ్వుకునేవారు. మడీ కాదు, మన్నూ కాదు. సంగతి తెలిసినవాళ్ళు నవ్వేవారు కాదు.

ఆ పల్లె చింతామణి దాటి కొంత దూరం పోయాక, బస్సు దిగి నడవాల్సిన చోట ఉంది. బోరు కింద మల్బరీ తోట, ఇంటిని ఆనుకుని పట్టుపురుగుల షెడ్డు. ఆమె కొడుకు వెంకటేశప్ప నోట్లో నాలుక లేని మనిషి, పని మాత్రం ఇద్దరి పాటు చేస్తాడు. కోడలు శశికళది బాగేపల్లి. పీయూసీ దాకా చదివి, పుస్తకాలు అటకెక్కించి, ఆకు కోయడం నేర్చుకుంది. అత్త దగ్గరే నేర్చుకుంది. పురుగుల పెంపకంలో మునివెంకటమ్మను మించినవాళ్ళు చుట్టుపక్కల లేరు. తట్ట మీద చెయ్యి ఆడించి, ఆకు చాలిందో లేదో చెప్పేది.

ఇంకొకదానికి కూడా ఆమెకు పేరుండేది. లంకణానికి. ఎవరింట్లో జ్వరం వచ్చినా మొదట మునివెంకటమ్మకే కబురు వచ్చేది. ఆమె వచ్చి, నుదురు ముట్టి చూసి, నాలుక చాపించి, "ఇయ్యాల్టినుంచి కడుపు కట్టండి" అని తీర్పు చెప్పేది. అన్నం లేదు, సంగటి లేదు, పాలు అసలే లేవు. శొంఠి వేసి కాచిన నీళ్ళు మాత్రమే. జ్వరం దిగాక మెత్తటి అన్నం, మిరియాల చారు. రోగి ఏడ్చినా, తిట్టినా, కాళ్ళు పట్టుకున్నా ఆమె కరిగేది కాదు. ఆమె చేత లంకణం పెట్టించుకుని లేచి తిరిగినవాళ్ళు వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళలో కొందరు ఇప్పటికీ ఆమెను చూస్తే దండం పెడతారు.

దీనికి ఆమె చెప్పే కారణం కూడా షెడ్డులోంచి వచ్చిందే. పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్నీ ఆ సీమలో జ్వరమనే అంటారు. ఆ వేళ ఆకు వేయకూడదు. తొందరపడి వేస్తే పంట చెడుతుంది. "పురుగుకు తెలిసిన బుద్ధి మనిషికి లేకపాయ. జరంలో కడుపు కాళీగా ఉండల్ల" అనేది ఆమె. వినేవాళ్ళకు నిజమే అనిపించేది. ఆమెకైతే అనుమానమే లేదు.

శశికళ మొదటి కాన్పు కొడుకు, కిశోర్. బొద్దుగా, చామనచాయగా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండేవాడు. తట్టల మధ్య దూరి ఆకు దొంగిలించి పురుగులకు ఒక్కొక్కటిగా వేస్తూ "తిను, తిను" అని బుజ్జగించేవాడు. అవ్వ పక్కలోనే పడుకునేవాడు, అవ్వ చేతి ముద్దే తినేవాడు. వాడికి మూడేళ్ళు దాటిన ఏడు జ్వరం వచ్చింది. సరిగ్గా పురుగులు నాలుగో జ్వరం దాటి, ఆకు మీద పడి మేస్తున్న రోజులు. ఆ వారంలో రైతు ఇంట్లో మనుషులకు తిండీ నిద్రా ఉండవు. షెడ్డులో నిలబడితే చెవుల్లో వాన కురుస్తున్నట్టు మేత చప్పుడు. అందరూ గంపలు గంపలుగా ఆకు మోస్తూనే ఉన్నారు. అంత మేత జరుగుతున్న ఇంట్లోనే బిడ్డ ఒక్కడు కడుపు కట్టుకుని పడుకున్నాడు.

లంకణం పెట్టమన్నది మునివెంకటమ్మే. శశికళకు మనసొప్పలేదు, కొంచెం గంజి పోద్దామంది. "ఊరంతా నా మాట వింటాది, నా ఇంట్లో నువ్వు ఇనవా?" అన్నది అత్త. శశికళ తలవంచుకుని షెడ్డులోకి పోయింది.

మొదటి రోజంతా వాడు అన్నం అన్నం అని ఏడ్చాడు. మరునాటికి ఏడుపు ఆగింది. మంచి గుర్తే అనుకుంది మునివెంకటమ్మ, జ్వరం అలిసిపోతోందనుకుంది. మధ్యాహ్నం దాటేసరికి వాడు పిలిస్తే పలకడం తగ్గించాడు. నుదురు చల్లబడింది, చెమట పట్టింది, చెయ్యి ఎత్తి వదిలితే గుడ్డముక్కలా వాలిపోయింది. ఎంతమందికి లంకణం పెట్టినా ఆమె ఇలాంటిది చూడలేదు. వాడు పెదవులు కదిపి "అవ్వా, ఆకలి" అన్నాడు. ఏడుపు లేకుండా, గొడవ లేకుండా, ఊరికే చెప్పినట్టు చెప్పాడు. ఊరందరి దగ్గరా కరగని మనిషి తన మనవడి దగ్గర కరిగిపోయింది. ఇటూ అటూ చూసి, తన ఇంట్లో తానే దొంగలా, వేడి నీళ్ళలో బెల్లం గడ్డ నలిపి, లోటా వాడి నోటికి అందించింది. నాలుగు గుక్కలు తాగాడు. కాసేపటికి కళ్ళు తెరిచి ఆమెను చూశాడు. ఆమె మూతి తుడిచి, లోటా పక్కన పెట్టేసి, పడుకోబెట్టింది.

తెల్లవారేసరికి వాడికి ఫిట్స్ వచ్చాయి. వెంకటేశప్ప టెంపో మాట్లాడి తెచ్చేలోపు, చింతామణి దోవలో సగం దూరం కూడా పోకముందే, శశికళ ఒళ్ళో వాడు ప్రాణం విడిచాడు.

ఇంటి ముందు జనం చేరారు. నాటువైద్యం చేసే నరసింహయ్య వచ్చి బిడ్డను చూసి, మునివెంకటమ్మ వైపు తిరిగాడు.

"లంకణంలో ఏమన్నా నోట్లో పడిందా అమ్మా? తీపేమన్నా?"

అబద్ధం చెప్పి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆమెకు అబద్ధం చెప్పడం తోచలేదు. "బెల్లం నీళ్ళు ఇస్తినప్పా. నేనే ఇస్తిని" అంది.

"అయిపాయ. లంకణంలో తీపి పడితే జరం తలకెక్కుతాది. అందరికీ చెప్పేదానివి, నీకు తెలీదా?" అన్నాడు నరసింహయ్య. తిట్టడానికి అనలేదు. తనకు తెలిసింది చెప్పాడు, అంతే.

అప్పుడు శశికళ తల ఎత్తింది. "నీ మాట ఇని నేను బిడ్డ కడుపు కట్టేస్తిని. గంజి పోస్తానంటే పొయ్యనీకపోతివి. మాట తప్పింది నువ్వు గదా అత్తా" అంది. గట్టిగా కూడా అనలేదు. అక్కడున్నవాళ్ళందరికీ వినబడింది.

ఆ మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు శశికళ. అత్తను వేరు పెట్టమని మొగుణ్ణి సాధించలేదు, పుట్టింటికి పోయి కూర్చోలేదు. ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర వంట చేసుకున్నారు, ఒకే షెడ్డులో ఆకు వేసుకున్నారు. పైకి చూస్తే పొరపొచ్చాలు లేని ఇల్లు. మునివెంకటమ్మ మాత్రం ఆ రోజుతో ఊళ్ళో లంకణం పెట్టడం మానేసింది. కబురు వస్తే "నాకేం తెల్దమ్మా" అని తలుపు వేసుకునేది. తన చేతులు తాను చూసుకుంటూ కూర్చునేది. బిడ్డను చంపింది ఈ చేతులేనని ఎవరూ ఆమెతో అనక్కర్లేదు, ఆమె రోజూ అనుకుంటూనే ఉంది. కొన్నేళ్ళకు సుమ పుట్టినప్పుడు, పొత్తిళ్ళలో బిడ్డను చూసి ఏడ్చింది గానీ, తేనె నాకించమంటే చెయ్యి ముందుకు చాపలేదు.

చిక్కబళ్ళాపురం కోలారు నుంచి విడిపోయి వేరే జిల్లా అయిన మరుసటి ఏడు సుమకు జ్వరం వచ్చింది. వాంతులు కూడా. వెంకటేశప్ప తల్లి వైపు చూశాడు. అలవాటుగా చూశాడు పాపం, వెంటనే చూపు తిప్పుకున్నాడు. కానీ మునివెంకటమ్మ ఈసారి రాయి అయిపోయింది. జ్వరం దిగేదాకా పిల్లకు శొంఠి నీళ్ళు తప్ప ఏమీ పెట్టొద్దంది. అప్పుడు చేసిన తప్పు మళ్ళీ జరగకూడదు. బెల్లం కుండకు మూత బిగించి తాడు కట్టి అటక మీద పెట్టించింది. చక్కెర డబ్బా ఎదురింట్లో దాచమని ఇచ్చి వచ్చింది. పిల్ల "అవ్వా, ఆకలి" అన్నప్పుడు చెవులు మూసుకుని బయటికి నడిచింది. ఏడ్చింది, కానీ వెనక్కి తిరగలేదు. తాను ఎంత గట్టిగా ఉంటే పిల్ల అంత భద్రంగా ఉంటుందని నమ్మింది ఆ వెర్రి తల్లి.

మరునాడు సుమ చెయ్యి ఎత్తి వదిలితే వాలిపోయింది. నుదుటి మీద చెమట. అది చూసిన శశికళ వంటింట్లో నుంచి అలాగే చీర దోపుకుని పిల్లను భుజాన వేసుకుంది.

"ఈ తూరి నేను కాచుకోను" అంది మొగుడితో. "రాండి, బస్సు పోతాది."

మునివెంకటమ్మ గుమ్మం దాకా పరుగెత్తి కోడలి గడ్డం పట్టుకుంది. "తీసుకపోమ్మా, తీసుకపో. దోవలో మటుకు ఏం పెట్టాకు. నీకు దండం పెడతాను, చుక్క తీపి తగలనీయాకు."

శశికళ పెట్టలేదు. ఎంత చదివినా ఆమెకూ ఆ భయం పోలేదు. చింతామణిలో డాక్టరు వేలి కొనన సూదితో గుచ్చి, రక్తపు చుక్క చూసి, ఒక్క ఉదుటున లేచి చేతికి గ్లూకోజు ఎక్కించాడు. చిక్కబళ్ళాపురం పంపారు, అక్కడి నుంచి అంబులెన్సులో బెంగళూరికి. దేవనహళ్ళి దాటుతుండగా సుమ కళ్ళు విప్పి అమ్మను చూసి, దోసె కావాలంది. వెంకటేశప్ప అంత పెద్ద మనిషి, అంబులెన్సులో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

పిల్ల ఇంటికి వచ్చింది. బెంగళూరులో తీసిన రక్తం ఎక్కడికో పంపారు. కొన్ని వారాల తరువాత మొగుడూ పెళ్ళాం మళ్ళీ పోయి వచ్చారు. ఆ రోజు నుంచి ఇంట్లో పద్ధతులన్నీ మారిపోయాయి. సుమకు గడియారం చూసి తిండి పెడుతున్నారు. నిద్రపోయే ముందు ఒకసారి, తెల్లవారుజామున లేపి ఒకసారి. గూట్లో గ్లూకోజు పొట్లాలు చేరాయి. జ్వరం వచ్చినా, వాంతి అయినా ముందు అదే పట్టాలట, తాగకపోతే ఆస్పత్రికి పరుగెత్తాలట. జ్వరంలో తీపి! ఆ మాట చెవిన పడ్డప్పుడు మునివెంకటమ్మ చేస్తున్న పని వదిలి లేచింది. కొడుకును అడిగింది. "డాక్టరు చెప్పినారమ్మా" అని తప్పించుకుని తోటలోకి పోయాడు. ఇంట్లో తనను చూడగానే వాళ్ళిద్దరూ మాట మార్చడం ఆమె గమనించకపోలేదు.

ఒక మధ్యాహ్నం అత్తాకోడళ్ళు పురుగులు గూళ్ళు కట్టే వెదురు చంద్రికల ముందు కూర్చుని గూళ్ళు ఏరుతున్నారు. సుమ అంగనవాడికి పోయింది. వెంకటేశప్ప ఎరువు కోసం పక్క ఊరికి పోయాడు. మునివెంకటమ్మ చేతిలో గూడు అలాగే పట్టుకుని అడిగింది.

"పాపకు ఏమంట శశీ? నాకు చెప్పకుండా దాస్తాండారు. నేను పరాయిదాన్నా?"

శశికళ చేతిలో గూడు చేటలో వేసి, అత్త వైపు తిరిగి కూర్చుంది.

"మన ఒళ్ళంతా జీవకోశాలేనంట అత్తా. కంటికి కానరానంత చిన్నవి. ఒక్కోదాంట్లో చిన్న చిన్న పొయ్యిలు ఉంటాయనుకో. మనం తినింది యాడికి పోతాదనుకుంటావు? ఆడికే పోతాది. ఆడ కాల్తేనే బలం. గుండె కొట్టుకునేది, కండ్లు తెరిచేది, తలకాయి పని చేసేది అంతా ఆ మంటతోనే. నేనూ పీయూసీలో చదివినా. మైటోకాండ్రియా అని బొమ్మ గీసి, కింద పేరు రాసి, మార్కులు తెచ్చుకున్నా. మన ఇంట్లో బిడ్డ లోపల చూసుకోవల్లని ఎవరు చెప్పినారు?"

"తినకుండా ఉంటే?"

"తినకుండా ఉంటే ఒళ్ళు ఊరికే ఉండదు. దాచిపెట్టుకున్న కొవ్వును తెచ్చి ఆ పొయ్యిలో ఏస్తాది. నీకూ నాకూ అది బాగా మండుతాది. అందుకే నువ్వు లంకణం పెట్టినోళ్ళంతా లేచి తిరిగినారు. మన సుమకు ఆ కొవ్వు అంటుకోదంట. దాన్ని మండించే సరుకొకటి పుట్టుకతోనే లేదు. నాలో సగం లోపం, ఆయనలో సగం లోపం, రెండూ బిడ్డలో చేరినాయంట. అన్నం పెడితే, తీపి పెడితే మండుతాది. అది అయిపోతే ఇంగ ఏసేదానికి కట్టె లేదు. పొయ్యి ఆరిపోతాది."

"ఆరిపోతే?"

"ముందు తలకాయి. మగతగా పడిపోతారు. చెమట పడతాది. ఆమీట ఫిట్సు."

మునివెంకటమ్మ చేతిలో గూడు నలిగిపోయింది. ఆమెకు కణాలు తెలియవు, వాటి పేర్లు తెలియవు. పొయ్యి తెలుసు. కట్టె లేని పొయ్యి ఎంతసేపు ఉంటుందో ఇంకా బాగా తెలుసు. కళ్ళ ముందు చెమట పట్టిన చిన్న నుదురు ఒకటి కనబడింది. అది సుమది కాదు.

"శశీ" అంది. నలిగిన గూడు కింద పెట్టింది. మళ్ళీ అంది. "కిశోరునికీ అదేనా?"

ఈ ప్రశ్న వస్తుందని శశికళకు తెలుసు. అమ్మకు చెప్పొద్దని వెంకటేశప్ప ఒట్టు వేయించుకున్నాడు. కానీ శశికళ వేరేగా ఆలోచించింది. బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు బస్సులో ఆమె ఏడ్చింది కొడుకు కోసం మాత్రమే కాదు. ఇన్నేళ్ళుగా తన ఒక్క మాటకు తల వంచుకుని బతుకుతున్న ఈ ముసలిదాని కోసం కూడా ఏడ్చింది. చెబితే ఆ బరువు దిగిపోతుందనుకుంది. చెప్పకుండా ఉంటే పాపమనుకుంది.

"ఇప్పుడు పరీక్ష చేసి చెప్పేదానికి లేదు. అదే అయ్యుంటాదని డాక్టరమ్మ అన్నింది" అంది. అత్త రెండు చేతులూ పట్టుకుంది. "నీ బెల్లం నీళ్ళు వాణ్ణి ఏం చెయ్యలేదత్తా. నరసింహయ్య మాట తప్పు. ఆ పొద్దు జనంలో నేనన్న మాట ఇంకా తప్పు. ఈ ఇంట్లో వానికి అక్కరకొచ్చే పని చేసింది నువ్వొక్కదానివే. ఆ నాలుగు గుక్కలకే గదా వాడు కండ్లు తెరిచింది. ఇంగా కొంచెం తాగుంటే..."

అని ఆగిపోయింది. ఆగడం ఆలస్యమైంది.

మునివెంకటమ్మ చేతులు వెనక్కి తీసుకోలేదు. ఏడవలేదు. ఎదురుగా చంద్రిక మీద తెల్లగా నిండి ఉన్న గూళ్ళ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమె ముఖంలో ఏదో తేలికపడుతుందేమోనని శశికళ చూసింది. తేలికపడలేదు. చూస్తుండగానే ఆ ముఖం ముడుచుకుపోయింది.

"ఇంగా కావాలన్యాడు" అంది మునివెంకటమ్మ.

"ఏమత్తా?"

"కండ్లు తెరిచి, ఇంగా అవ్వా అన్యాడు. లోటా పట్టుకున్యాడు శశీ. ఆ చేతుల్లో ఏం బలముండాది? అయినా పట్టుకున్యాడు. నేనే ఏళ్ళు ఒకటొకటీ ఇడిపించి తీసేస్తిని. చాలు నాయనా, ఇంగ తాగకూడదు అంటిని. నిండుగా ఉణ్ణింది లోటా."

శశికళకు ఏడవాలో, అత్తను పట్టుకోవాలో, లేచి పారిపోవాలో తెలియలేదు. బిడ్డ అలా అడిగాడని ఇన్నేళ్ళలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎవరికీ తెలియదు కూడా. మునివెంకటమ్మ ఆ సంగతిని ఎప్పుడూ పట్టించుకోలేదు, ఎందుకంటే ఇంతకాలం అదొక్కటే ఆమె చేసిన మంచిపని. తప్పు చేశాను, కానీ నాలుగు గుక్కలతో ఆపేశాను అని ఏ మూలనో ఆమెకు ఊరట ఉండేది. ఇప్పుడు ఆ ఊరట కూడా పోయింది.

"మిగిలిన నీళ్ళు పెరట్లో పారబోస్తిని" అంది. "నువ్వు చూస్తావని."

"నీకు తెలీదు గదత్తా. ఎవరికి తెలుసు? నాకు తెలిసిందా?" అంది శశికళ, ఏడుస్తూ. "దాన్ని ఇప్పుడు తలుచుకోవద్దు. సుమ ఉండాది. సుమ బతికింది."

మునివెంకటమ్మ తల ఊపింది. సుమ బతికింది, అది ఆమెకూ తెలుసు. అయినా కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"శశీ, ముందరి మాటే చెప్పమ్మా. ఆ బెల్లమే చంపిందని చెప్పు. దాన్నయితే మోసేది నేర్చుకున్నాను."